బోర్డ్ రూమ్‌కి దొర్లించిన పీపా

1983లో న్యూజెర్సీలోని ఒక బీరు కంపెనీలో ఫ్లేవర్ కెమిస్ట్‌గా చేరాను. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. పని మాత్రం బీరు రుచి చూసి మార్కులు వేయడం. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేయవచ్చు. బీరు చేదు గొంతు దాకా వెళ్తేగాని తెలియదు కాబట్టి మేం మింగాల్సిందే. ఆదివారం తెలుగు చర్చిలో వాక్యం చదివే మనిషిని సోమవారం పొద్దున పదింటికల్లా బీరు మింగేవాణ్ణి. మా ఆవిడ సుగుణ హాస్పిటల్లో నర్సు. నా ఉద్యోగమేమిటని చర్చిలో ఎవరైనా అడిగితే “ల్యాబ్‌లో చేస్తారండీ” అని తేల్చేసేది.

టేస్టింగ్ ఉన్న రోజు నాకు కాఫీ లేదు, ఇంట్లో పోపు వేయడానికి లేదు. గ్లాసుల మీద పేర్లుండవు, మూడంకెల నంబర్లుంటాయి. రంగు చూసి మోసపోకుండా గదిలో ఎర్రలైటు వేస్తారు. ఒకరి షీట్ మరొకరు చూడకూడదు. ఇన్ని కట్టుబాట్లూ మనిషి నాలుక మీద నమ్మకం లేకే పెట్టారు, ఆ అపనమ్మకం న్యాయమైనదే.

మరుసటి ఏడాది మా వైస్ ప్రెసిడెంట్‌కి ఇంగ్లండ్ మోజు పట్టింది. పది రోజులు సెలవు మీద తిరిగొచ్చి, అక్కడి పబ్బుల్లో పీపాలోంచి పట్టి ఇచ్చే ఏల్ అనే బీరుని మనమూ అమ్మాలన్నాడు. అందుకోసం ఆర్థర్‌ని తీసుకున్నారు. ఇంగ్లండ్‌లో ముప్పై ఏళ్లు పీపాలు చూసుకుని, కూతురి దగ్గర ఉందామని అమెరికా వచ్చిన మనిషి. అరవై దాటాయి. ఆ వయసులో మళ్లీ తనకు తెలిసిన పని దొరికినందుకు రోజూ టై కట్టుకుని వచ్చేవాడు.

మామూలు అమెరికన్ బీరును వడగట్టి, గ్యాస్ ఎక్కించి, పళ్లు జివ్వుమనేలా చల్లబరుస్తారు. అంత చల్లగా తాగితే అందులో లోపాలు తెలియవు, అందుకే అలా చేస్తారని నా అనుమానం. ఈ పీపా ఏల్‌ని వడగట్టరు. పీపాలో ఈస్ట్ బతికే ఉండి, దానికి కావలసిన గ్యాస్‌ని అదే తయారుచేస్తుంది. చల్లటి సెల్లార్‌లో పీపాను పడుకోబెట్టి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగి పైన తేటపడుతుంది. కదిపితే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఇందులో ఇంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదు.

మొదటి పీపా దగ్గరికి ఆర్థర్ మూడు రోజులు ఎవరినీ రానివ్వలేదు. టేస్టింగ్‌కి ముందు రోజు నాకు అర గ్లాసు పట్టి ఇచ్చాడు. నాకు బీరంటే ఇష్టం లేదు. దాన్ని మాత్రం చివరి చుక్క దాకా తాగాను.

మర్నాడు పొద్దున వైస్ ప్రెసిడెంట్ ఇద్దరు మనుషులతో సెల్లార్‌కి దిగాడు. డైరెక్టర్లు వస్తున్నారు, పీపాను బోర్డ్ రూమ్‌కి తెమ్మన్నాడు. ఇప్పుడు కదిపితే తాగడానికి పనికిరాదు సార్, అక్కడికి చేర్చాక రెండు రోజులు టైమ్ ఇవ్వండి అన్నాడు ఆర్థర్. అయితే డైరెక్టర్లను ఈ చెమ్మలోకి దింపమంటావా అని ఆయన అడిగాడు. పీపాను దొర్లించుకుంటూ తీసుకుపోయారు. నేను తెల్లకోటు వేసుకుని పక్కనే నిలబడి ఉన్నాను.

బోర్డ్ రూమ్‌లో పీపాకి గుడ్డ కప్పి, పెళ్లికొడుకులా బల్ల మీద ఎక్కించారు. ఎర్రలైటు లేదు, నంబర్లు లేవు. పైగా పత్రికల్లో పానీయాల గురించి రాసే నిపుణుడొకణ్ణి న్యూయార్క్ నుంచి పిలిపించారు. ఆయన గ్లాసెత్తి ఆ బురదనీళ్లను కిటికీ వెలుగులో చూసి, ఈ మసకే అసలైన ఇంగ్లీషు సంప్రదాయం అన్నాడు. యాభైకి నలభై ఆరు వేశాడు. మిగతావాళ్లది గొర్రెదాటు.

నేను పన్నెండు వేశాను. “మడ్డి లేచింది. పచ్చి ఈస్ట్ వాసన. గొంతు పట్టేసే చేదు. అమ్మకానికి పనికిరాదు” అని రాశాను. ఫ్లేవర్ కెమిస్ట్ కాదంటే ల్యాబ్‌లో పరీక్షించి తీరాలన్నది కంపెనీ రూలు. ల్యాబ్ నా మాటే ఖాయం చేసింది. టేస్టింగ్ రోజు తనకు జలుబుగా ఉందని నిపుణుడికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట విని నేను రెండు రోజులు లోలోపల నవ్వుకున్నాను.

ఆ గురువారం డైరెక్టర్ల ముందు వైస్ ప్రెసిడెంట్, సెల్లార్ బాధ్యత ఆర్థర్‌దని చెప్పి, నేను చేర్చాల్సిందేమైనా ఉందా అని అడిగాడు. నా గ్రీన్ కార్డ్ కాగితాలు అప్పుడు ఆయన సంతకం కోసమే ఎదురుచూస్తున్నాయి. నా షీట్‌లో రుచి వరకే ఉంటుంది సార్ అన్నాను.

శుక్రవారం ఆర్థర్‌ని తీసేశారు. పీపాను కదిపింది తాను కాదని అతను చెప్పుకున్నాడట. సాక్షి ఎవరని అడిగితే నా పేరు చెప్పాడట. వాళ్లు నా షీట్ తీసి చూపించారు. అందులో ఆ మాట లేదు.

సాయంత్రం పార్కింగ్‌లో ఎదురుపడ్డాడు. చేతిలో పీపాకి కుళాయి దిగ్గొట్టే అతని చెక్క సుత్తి ఉంది. “పన్నెండు సరైన మార్కే. నేనైతే పది వేసేవాణ్ణి” అని కారెక్కాడు.

ఇంటికెళ్లి సుగుణకు నిపుణుడి జలుబు సంగతే ముందు చెప్పాను. ఆమె నవ్వలేదు.

“పీపా కదిపించింది మీ బాస్ అని రిపోర్ట్‌లో రాశారా?”

“దానికి కాలమ్ లేదు.”

“మా వార్డ్‌లో పేషెంట్ పడిపోతే, పడ్డాడని రాసి ఊరుకోమండీ. మంచం మీంచి ఎవరు లేపారో, ఎందుకు పడ్డాడో కూడా రాస్తాం. కాలమ్ లేకపోతే మార్జిన్‌లో రాస్తాం.”

గ్రీన్ కార్డ్ వచ్చింది. రిటైరయ్యేదాకా అదే పని చేశాను, నా మార్కులు తప్పని ఎవరూ నిరూపించలేదు. అప్పుడు నేను నేర్చుకున్నది ఇది. ఆ నిపుణుడు చెప్పింది పచ్చి అబద్ధం, నేను రాసింది అక్షరాలా నిజం. అతని అబద్ధం వల్ల ఎవరి ఉద్యోగమూ పోలేదు. నా నిజం వల్ల ఒకరిది పోయింది.