గేటు రంగు పూసుకున్న కారు

మా ఎర్ర కారుకు జరిగిన ఘోరం చెబుతాను. నవ్వుకోండి గానీ జాలిపడకండి. జాలి నా ఒంటికి పడదు. నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఆరు. కుర్రతనం!

నాచారంలో ఓ బీరువాల కంపెనీలో రంగుల సెక్షన్‌లో పనిచేశాను. పదివేల బీరువాలకు రంగు వేసిన చెయ్యి ఇది. సరే, రెండు వేలు. అవీ గోడకు ఆనే వెనకవైపు మాత్రమే.

ఆ ఎండాకాలం నేను కారును గేటు దిమ్మెకు గీకిస్తే మా ఆవిడ యాదమ్మ తీర్పు చెప్పేసింది. "ఇంకొక్క గీత పడ్డదనుకో, తాళంచెయ్యి నా కొంగుకు కట్టుకుంట. ఇగ నువ్వు బస్సుల తిరుగు."

దసరా నాడు కారుకు పూజ చేశాం. మర్నాడు పొద్దున చూస్తే బానెట్ మీద జానెడు తెల్లగీత! యాదమ్మ ఉప్పల్‌లో చెల్లెలింటికి వెళ్లింది, సాయంత్రానికల్లా వచ్చేస్తుంది. గరుకు కాగితం తీసి ఒక్క రుద్దు రుద్దాను. గీత మాయం!

అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? గరుకు చేయందే రంగు పట్టదన్నది మా సెక్షన్ సూత్రం. రుద్దాను. అరచెయ్యంత అయింది. అంచులు సమంగా లేవని మళ్లీ రుద్దాను. దోసెంత అయింది. హోటల్ దోసె.

పక్కింటి బిక్షపతి గోడ మీంచి తల పెట్టాడు.

"ఏంది మామా, కారుకు గుండు గీస్తున్నవా?"

"నీకేం తెల్సురా. రంగుకు ముందు గిట్లనే జెయ్యాలె."

"గీత యాడుంది మరి?"

"పోయింది."

"పోతే ఇంకెందుకు రుద్దుతున్నవ్?"

"పోయిన జాగల రంగెయ్యాలె గదా!"

"జర షాపోన్ని అడగరాదు?"

"షాపోడే ఒచ్చి నన్నడగాలె!"

లప్పం పెట్టి నున్నగా చేశాను. గేటుకు వేయగా మిగిలిన ఎర్ర రంగు డబ్బా తెరిచాను. ఎరుపంటే ఎరుపే కదా! ఆరాక తేలింది, కారుది దానిమ్మ గింజ ఎరుపు, గేటుది ఇటుక ఎరుపు. ఇప్పుడు చూసినవాళ్లెవరైనా కారును గేటుకు మేనకోడలనే అనుకుంటారు.

సాయంత్రం యాదమ్మ ఆటో దిగి బానెట్ ముందు నిలబడిపోయింది.

"ఇదేందయ్యా?"

"ఎవడో గీత గీకిపోయిండే. నేను గాదు, మల్లన్న మీద ఒట్టు! రిపేర్ జేసిన."

"యాడ? నడుమ బొట్టు కాడికెల్లి కిందికా?"

"ఆఁ! నువ్వు సూసినవా?"

"సూసుడేంది, నేను పెట్టిన గంధమే అది. నీళ్లెక్కువై కారింది. ఒచ్చినంక తడిబట్టతోని తుడుద్దామనుకున్న."

గోడ అవతల బిక్షపతికి దగ్గు తెర వచ్చింది. యాదమ్మ చెయ్యి చాపింది.

"అది గీతే గాదంటివి గదా! మరి తాళంచెయ్యి ఎట్ల అడుగుతవ్?"

"గీత గాదు, నిజమే. మరి గీ చాటంత మచ్చ ఎవలిది?"

ఇచ్చేశాను. ఇప్పుడామె నడుపుతుంది, నేను పక్కన కూర్చుని బ్రేకులు చెబుతాను. కానీ ఒక్కమాట. నాలుగు వానాకాలాలకు కంపెనీ రంగు వెలిసిపోయింది, నా రంగు రవ్వంత కదల్లేదు! ఏటా దసరాకు యాదమ్మ గంధం బొట్టు పెట్టేదీ సరిగ్గా దాని నడుమనే.

అయినా ఆ బానెట్ మీదే చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట తడిబట్టతో తుడవకుండా ఏ గీత జోలికీ పోను. తుడిచాక కూడా మిగిలిందా, ఆ డబ్బాలో రంగు ఇంకా సగం ఉంది.