దోనా లియోకాడియా ఎర్ర పుస్తకం

కోపం వస్తే అందరూ అరుస్తారు. దోనా లియోకాడియా, అంటే లియోకాడియా అమ్మగారు, అరిచి ఊరుకోదు. పుస్తకం అడుగుతుంది.

మా పోర్చుగల్‌లో ప్రతి దుకాణంలోనూ ఫిర్యాదుల పుస్తకం ఒకటి ఉండి తీరాలి. ఎర్ర అట్ట. ఎవరడిగినా ఇవ్వాల్సిందే. ఒక్కో ఫిర్యాదూ మూడు ప్రతులు: ఒకటి ప్రభుత్వానికి, ఒకటి రాసినవాళ్ళకి, ఒకటి పుస్తకంలోనే. గడువులోగా జవాబివ్వాలి. మామూలు మనుషులు ఈ పుస్తకాన్ని జన్మలో ఒకటి రెండుసార్లు అడుగుతారు. ఆవిడ రోజుకి ఒకటి రెండుసార్లు అడుగుతుంది.

మందుల దుకాణంలో బెంచీ ఊగుతోందని రాసింది. బస్సు రెండు నిమిషాలు ముందుగా వచ్చిందని రాసింది. ఒక ఆదివారం చర్చిలో పాదిరీ గారి ప్రసంగం సాగిసాగి భోజనం వేళ దాటితే, అక్కడా చెయ్యి చాపింది.

"పుస్తకం!"

"దోనా లియోకాడియా, దేవుడి ఇంట్లో ఫిర్యాదుల పుస్తకం ఉండదమ్మా."

"అదే నా మొదటి ఫిర్యాదు," అంది ఆవిడ.

ముప్ఫై ఆరేళ్ళు మా ఊరి ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. నేను సెన్యోర్ అబీలియు గారి హోటల్లో, కింద కాఫీ గదిలో పని చేస్తాను. అమ్మ నడుము పడిపోయిన ఏడాది తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి ఇందులో చేరాను. కప్పులు కడగడం ఎంత నా పనో, ఆవిడకి ఎర్ర పుస్తకం అందించడం కూడా అంతే నా పని. ఆవిడ అరవకముందే పెన్నుతో సహా బల్ల మీద పెట్టేసేదాన్ని. దాని మీదా ఒక ఫిర్యాదు రాసింది: "ఇక్కడి పిల్ల పుస్తకం అడగకముందే తెస్తుంది. నాకు అరిచే అవకాశం ఇవ్వడం లేదు. పైగా మనుషులతో కాకుండా నేలతో మాట్లాడుతుంది."

అబీలియు గారు అది పైకి చదివి తల పట్టుకున్నారు. "దీనికి ఏం జవాబు రాయమంటావే?"

నేను నేలకేసి చూశాను.

ఆవిడ అసలు కోపం చూడాలంటే మాత్రం ఇంగ్లండు కంపెనీ మా ఊరికి వచ్చినప్పుడు చూడాలి. ఏడాదికి రెండుసార్లు మా మేడ మీది హాలు అద్దెకి తీసుకుని, నవ్వుతున్న నర్సుల బొమ్మలు గోడకి కట్టి, బిస్కెట్లు పెట్టి, మా నర్సుల్ని ఎంచి పట్టుకుపోతారు. కంపెనీ తరఫున లిస్బన్ నుంచి వచ్చేవాడు మా కొండల కుర్రాడే, పేరు రూబెన్. మొనదేలిన బూట్లు వేస్తాడు. ఆవిడ అందరికన్నా ముందొచ్చి మొదటి వరసలో కూర్చుంటుంది.

"అమ్మా, మీరు కూడా దరఖాస్తు పెడుతున్నారా?" అన్నాడు రూబెన్ ఈసారి, నవ్వుతూ.

"నాకు అరవై ఏడు. పెడితే తీసుకుంటావా?"

"అంటే... కంపెనీ నిబంధనలు..."

"తీసుకోవు కదా. నోరు మూసుకుని నీ పని చెయ్యి, నేను చూస్తాను. నాలుగేళ్ళు చదివించింది మేము. సూది పట్టుకోవడం నేర్పింది నేను. తీరా పిల్ల చేతికందాక ఇక్కడి ప్రభుత్వం ఇచ్చేది మూడు నెలల ఉద్యోగం, మళ్ళీ మూడు నెలలు, ఆ తర్వాత ఇంటికి పో! అటు నువ్వు బిస్కెట్ పట్టుకుని తయారు. మీ ఇద్దరిలో ఎవరిని ముందు తన్నాలో తేలడం లేదు నాకు. పుస్తకం!"

"ఇది హోటలు పుస్తకం అమ్మా, మా కంపెనీది కాదు."

"హాలు ఎవరిది? హోటల్ది. బిస్కెట్లు? హోటల్వి. నిన్ను లోపలికి రానిచ్చింది? హోటలే. నీ మీద రాస్తే వాళ్ళే నీ దగ్గర జవాబు తెచ్చిస్తారు."

అబీలియు గారు గుమ్మంలో నిలబడి చెమట తుడుచుకుంటున్నారు.

ఆ రోజు ఎంపికకి వచ్చినవాళ్ళలో మఫాల్దా ఉంది. ఆరేళ్ళు అత్యవసర విభాగంలో చేసింది, అన్నీ మూడేసి నెలల కాగితాల మీదే. పోయిన నెలతో అదీ ఆగింది. ఏ దేశమైనా సరే ఆసుపత్రిలో నర్సుగానే చెయ్యాలని ఆమె పట్టుదల. ఇంగ్లీషు పరీక్ష రెండోసారికి గట్టెక్కింది. ఆ పాఠాలు మా కాఫీ గదిలోనే చదువుకునేది కాబట్టి నాకు తెలుసు.

నేను కాఫీలు పోస్తూ విన్నాను. రూబెన్ చేతిలో కాగితం, ప్రతి ప్రశ్న పక్కనా మూడు గళ్ళు: బాగా వచ్చు, కొంచెం వచ్చు, రాదు.

"నరం దొరకని రోగికి సూది పెట్టగలరా?"

"అంతంత మాత్రం," అంది మఫాల్దా.

మధ్య గడిలో గీత పడింది.

"ఒక్కరే వార్డు చూసుకోగలరా?"

"ఏదో అలా నడిపిస్తాను."

మళ్ళీ మధ్య గడి.

రూబెన్ కూడా మనవాడే, వాడికి తెలియాలి. మా కొండ ఊళ్ళలో ఎవరూ 'బాగుంది' అనరు. ఎలా ఉన్నావంటే 'ఏదో నడుస్తోంది' అంటారు. లాటరీ తగిలిన మా మంగలి కూడా అదే అన్నాడు. తన గురించి తను గొప్పగా చెప్పుకున్న పిల్లకి ఇంట్లో మొట్టికాయ పడుతుంది. మొట్టికాయలు తిని పెరిగిన పిల్ల 'నాకు బాగా వచ్చు' అని ఎలా అంటుంది? లిస్బన్ వెళ్ళి మొన బూట్లు తొడుక్కున్నాక వాడికి అదంతా మరుపొచ్చింది. నాకు ఒళ్ళు మండింది. కాఫీ జాగ్రత్తగా వాడి కాగితాల పక్కన పోశాను. కాగితాల మీద పోసే ధైర్యం చాల్లేదు.

సాయంత్రానికి హాలు తలుపు మీద జాబితా అంటించారు. మఫాల్దా పేరు చివర్న ఉంది. వృద్ధాశ్రమంలో సహాయకురాలు. రెండు వారాల తర్వాత శుక్రవారం వచ్చి సంతకం పెట్టాలి.

మఫాల్దా కిందికొచ్చి కూర్చుంది. "పోనీలే. ఇదైనా వచ్చింది."

"పోనీలేనా?" దోనా లియోకాడియా కప్పు బల్ల మీద కొట్టింది. "ముసలివాళ్ళకి అన్నం తినిపించడం చిన్న పనేం కాదు. అది చేసేవాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ అది నీ పని కాదు! అంతంత మాత్రమా? నా దగ్గర నేర్చుకుని అంతంత మాత్రమా? పుస్తకం!"

నాలుగు పేజీలు రాసింది. పెన్ను కాగితాన్ని చింపుతుందేమో అన్నంత గట్టిగా రాసింది.

మఫాల్దా లేచి నిలబడింది. ఆమె గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి. "దోనా, దయచేసి ఆపండి. మీ కోపం మీకు సరదా. నాకు ఉన్నది ఈ ఒక్క దారి. కంపెనీకి ఒళ్ళు మండితే ఆ ఆశ్రమం పనీ పోతుంది. నా కడుపు కొట్టకండి."

ఆవిడ తన ప్రతి చింపుకుని, మడిచి, సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ వారమంతా ఆవిడకి కావాలనే చల్లారిన కాఫీ ఇచ్చాను. రోజూ తాగింది. ఒక్క రోజు కూడా పుస్తకం అడగలేదు. మూడో రోజుకి నాకు భయం పట్టుకుంది.

ఆ భయంతోనే పుస్తకం తెరిచాను. ఎన్నేళ్ళుగానో అందిస్తున్నాను గానీ, ఏనాడూ లోపల చదవలేదు. ఆవిడ రాత కోపంగానే ఉంది.

"ఫిర్యాదు. పై కంపెనీ నర్సు మఫాల్దాని నరం దొరకని రోగికి సూది పెట్టగలవా అని అడిగింది. ఆమె అంతంత మాత్రం అంది. కంపెనీ నమ్మింది. తప్పు కంపెనీది. మిగతావాళ్ళు చేతులెత్తేసిన చోట ఈ పిల్ల కళ్ళు మూసుకుని వేలితో తడిమి నరం పట్టుకుంటుంది. మంచు రోజున బస్సు లోయలోకి జారి ఇరవై ముగ్గురు గాయాలతో వస్తే, డాక్టర్లు చేరేలోగా ఎవరిని ముందు చూడాలో తేల్చింది ఈమే. ఇరవై ముగ్గురూ బతికారు. వాళ్ళలో ఒకడు ఈ హోటలు యజమాని. ప్రస్తుతం నాకు మాడిన కాఫీ అమ్ముతున్నాడు. మా వాళ్ళని అడిగి మా వాళ్ళ జవాబు నమ్మే కంపెనీకి మనుషుల్ని ఎంచడం చేతకాదు. ఆసుపత్రిని అడగండి, నన్ను అడగండి. జవాబు రాతలో కావాలి."

మిగిలిన పేజీల నిండా మఫాల్దా చేసిన పనులే, తేదీలతో సహా.

వెనక్కి తిప్పాను. నాలుగేళ్ళలో పదకొండు మంది నర్సులు. ప్రతి ఒక్కరి గురించీ కంపెనీ మీద ఒక ఫిర్యాదు. తిట్లు తీసేస్తే ప్రతిదీ ఒక సిఫార్సు ఉత్తరం. మామూలు సిఫార్సు ఉత్తరాన్ని కంపెనీ చెత్తబుట్టలో వేసుకోవచ్చు. దీనికి మాత్రం చట్టప్రకారం జవాబివ్వాలి!

అబీలియు గారు నా భుజం మీంచి చదివారు. బస్సు సంగతి దగ్గర వేలు పెట్టి మళ్ళీ చదివారు. "కాఫీ నిజంగానే మాడుతోందా?" అన్నారు చివరికి. తర్వాత ప్రభుత్వానికి పంపే ప్రతితో పాటు ఇంగ్లండులోని కంపెనీ పెద్దాఫీసుకీ ఒక నకలు పంపారు. తపాలా కార్యాలయానికి స్వయంగా నడిచి వెళ్ళారు.

సంతకం పెట్టాల్సిన శుక్రవారం రూబెన్ కొత్త కాగితంతో వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఆసుపత్రి, అత్యవసర విభాగం, నర్సు," అని చదివి మఫాల్దా ముందు పెట్టాడు. "మా పెద్దాఫీసువాళ్ళు ఇదంతా అనువాదం చేయించుకుని చదివారట. మీ ఆసుపత్రికి ఫోన్ చేశారట. నన్ను మళ్ళీ శిక్షణకి పంపుతున్నారు. పైగా రాసినావిడ కూడా వస్తుందా అని అడుగుతున్నారు!"

"నిబంధనలు ఒప్పుకోవు," అంది దోనా లియోకాడియా, రొట్టెకి వెన్న రాసుకుంటూ.

మఫాల్దా ఆవిడ ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంది. "దోనా, ఆ రోజు నేను అన్న మాట..."

"నీ కోసం రాశానని ఎవరు చెప్పారు? బిస్కెట్లు మెత్తబడ్డాయి, అందుకు రాశాను. ఇప్పుడు చెప్పు, ఎలా ఉన్నావే?"

"ఏదో నడు..."

"పుస్తకం!"

"బాగున్నాను! చాలా బాగున్నాను!" అని అరిచింది మఫాల్దా. కాఫీ గదంతా తిరిగి చూసింది. మా ఊళ్ళో ఆ మాట అంత గట్టిగా ఎవరైనా అనగా మేమెప్పుడూ వినలేదు.

విమానాశ్రయానికి అబీలియు గారి వ్యానులో అందరం వెళ్ళాం. మఫాల్దా లోపలికి వెళ్ళి కనపడకుండా పోయాక దోనా లియోకాడియా నేరుగా కౌంటరు దగ్గరికి నడిచింది. ఆ రోజు అరవలేదు. మెల్లగా అడిగింది, "పుస్తకం." నిలబడే రాసింది: "ఇక్కడ వెళ్ళేవాళ్ళకి పెట్టిన బోర్డు పెద్దది. వచ్చేవాళ్ళకి పెట్టినది చిన్నది. మా పిల్లలకి తిరిగి వచ్చే దారి ఎలా కనపడుతుంది?"

గడువు ఆఖరి రోజున జవాబు వచ్చింది. రెండు బోర్డులూ ఒకే కొలత, తనిఖీ చేశాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం.

"అబద్ధం," అంది ఆవిడ. "పిల్లా, మీ హోటల్లో కొలిచే టేపు ఉందా?"

మర్నాడు పొద్దున బస్సెక్కి మళ్ళీ వెళ్ళాం. కాపలావాడి చేత నిచ్చెన తెప్పించింది. టేపు ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస వాడు. రెండు బోర్డులూ అచ్చంగా ఒకే కొలత. ఆవిడ రెండోసారీ కొలిపించి చూసుకుంది.

"సరే, సమానమే," అంది. "అయితే వచ్చే బోర్డు పెద్దది చెయ్యాలి."

నేను నిచ్చెన దిగాను. కౌంటరు దగ్గరికి వెళ్ళి, తలెత్తి, అక్కడి అమ్మాయి కళ్ళలోకి చూసి, నాకే చెవులు గింగురుమనేలా అన్నాను.

"పుస్తకం!"