ఏడాదిలో చిన్న పగలు, నా పెద్ద ఉపవాసం

ఆ ఏడు మే నెలలో మా అమ్మాయి హాసిని డెంగీతో వారం పైగా ముద్ద ముట్టలేదు. తనకి తగ్గితే ఒకరోజు పొద్దు పొడిచింది మొదలు గుంకేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని అరసవిల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకున్నాను. తగ్గింది. నేనేమో ఆకలికి ఆగలేని మనిషిని. అందుకే తెలివిగా డిసెంబరు దాకా ఆగాను. ఏడాదిలో అతి చిన్న పగలు అప్పుడే కదా! ఇంట్లో ఉంటే పోపు వాసనకే మొక్కు చెడుతుందని, ఆ రోజుకి మేముండే కౌలాలంపూర్ నుంచి సముద్రం పక్కనున్న కువాలా సెలాంగోర్ ఊరికి ప్రయాణం పెట్టుకున్నాను. సెలవులని హాసిని కూడా వచ్చింది.

తెల్లారకముందే ఆరు ఇడ్లీలు లాగించి ఏడింటికి బయల్దేరాను. కారు, డ్రైవరు కలిపి రోజుకి రెండు వందల యాభై రింగిట్లు. డ్రైవరు అప్పన్న గారు బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగాయన. పామాయిల్ తోటల మధ్య వెళ్తుంటే నా పథకం ఆయనకి గొప్పగా చెప్పాను. అద్దంలోంచి జాలిగా చూసి, మలేషియా వాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి అన్నారు.

"ఏటి బాబూ, ఇక్కడ పగలు తగ్గడమేటి లా? నాను పుట్టినకాడి నుంచీ పొద్దు ఇలాగే పోతాది."

ఫోన్లో చూశాను. పొద్దు పొడవడం ఏడుంబావుకి, గుంకడమూ ఏడుంబావుకే. భూమధ్యరేఖ పక్కన కాపురం పెట్టి లండన్ పగలు ఆశించానన్నమాట. శ్రీకాకుళంలో చేసుకున్నా ఓ గంట కలిసొచ్చేది.

కువాలా సెలాంగోర్‌లో చైనీయులకి ఆ రోజు పండగ. అల్లం పాకంలో జిగురుబియ్యప్పిండి ఉండలు వేసి తింటారు. కాఫీకొట్టు ఆంటీ నాకూ ఓ గిన్నె ఇవ్వబోయింది. అవి తింటే వయసు ఒక ఏడు పెరుగుతుందట. నలభై దాటినవాణ్ణి, పెరక్కపోతేనే మేలని తప్పించుకున్నాను. హాసిని రెండు గిన్నెలు ఖాళీ చేసింది. అప్పన్న గారు మొహమాటపడుతూనే చేపల కూరతో అన్నం తిన్నారు. ఊరి పక్కనే ఉన్న మెలావతి కొండమీద కోతులు కూడా అలసంద కాయలు తిన్నాయి. అన్నీ చూశాను.

సాయంత్రం కొండమీద మబ్బు కమ్మి సూర్యుడు కనబడలేదు. ఆకలికి నేను విసుక్కుంటుంటే, పక్కన హాసిని చేప అప్పడాలు కరకరా నములుతోంది. మే నెలలో చెంచాడు జావకే మొహం తిప్పుకున్న పిల్ల ఇదే. ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. ఇంకో గంట ఆగమన్నా ఆగేవాణ్ణి.

ఏడుంబావు దాటి చీకటి పడ్డాక, హాసిని సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. లోపల నాలుగు ఉండలు.

"తిను నాన్నా. నేను మాత్రమే పెద్దయితే ఎలా?"

తిన్నాను. నేను మొక్కుకున్నది అందుకే కదా, ఆ పిల్లకి ఏళ్ళు పెరగాలనే. ఇంత చిన్న సంగతికి ఏడు నెలలు లెక్కలు వేసుకున్నందుకు సిగ్గేసింది. వచ్చేవాళ్ళకి ఒక్క సలహా: ఇక్కడ పగలు ఎవరికోసమూ తగ్గదు, మొక్కుంటే ఆ వారమే తీర్చేసుకోండి.