నెత్తిన పగిలిన కాయలు

ఇక్కడి మాటలు నావి, చేతిరాత నా భార్యది. చెబుతూ చెబుతూ నేను మాట మరిచిపోయి గోడకేసి చూస్తే, ఆమె కలం ఆపి "కంగారు లేదు, ఆలోచించుకోండి" అంటుంది. ఆ ఓర్పు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు సభలో నాకు ఎదురు చెప్పాలనుకున్నవాడు ముందురోజే కూర్చుని సిద్ధపడి వచ్చేవాడు.

నర్సీపట్నం హైస్కూల్లో నేను సైన్సు మాస్టారిని. డెబ్భైల మొదట్లో నలుగురం కలిసి హేతువాద సంఘం ఒకటి పెట్టుకున్నాం. సంఘమంటే ఒక బల్ల, అద్దె మైకు, నా నోరు. ఆ రోజుల్లో కృష్ణదేవిపేట దారిలో ఒక ఊళ్లో గణాచారి ఉండేవాడు. పండగనాడు అమ్మవారు పూని అతని నోట పలుకుతుందని జనం నమ్మకం. పూనకం వచ్చాక కొబ్బరికాయలు ఒకదాని తర్వాత ఒకటి తన నెత్తిన కొట్టుకుని పగలగొట్టేవాడు. "అమ్మ నేకపోతే ఆ తల ఉంటదేటి?" అని జనం నన్ను అడిగేవారు. నేను ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ఆ ఒక్క ప్రశ్న దగ్గర అవన్నీ బోల్తా పడేవి.

అందుకని నేనే నేర్చుకున్నాను. పీచు తీసిన కాయ మీద మూడు గీతలుంటాయి. ఆ గీత నడినెత్తిన తగిలేలా, చెయ్యి వణక్కుండా, ఒక్క ఊపున కొట్టాలి. మొదటిసారి మా ఊరి సంతలోనే బల్లెక్కి కొట్టుకున్నాను. రెండో దెబ్బకు పగిలింది. నీళ్లు కళ్లద్దాల మీదుగా కారాయి. "చూశారా, ఇందులో అమ్మ లేదు, కాయ ఉంది, గీత ఉంది!" అని అరిచాను. జనం చప్పట్లు కొట్టారు. ఏజెన్సీ నుంచి చింతపండు తెచ్చి అమ్ముకుంటున్న ముసలామె మాత్రం పక్కనామెను అడిగింది: "ఈ బావుకి ఏ అమ్మ పూనినాదే?"

అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆ తర్వాత దాదాపు పదేళ్లు తిరిగాను. రావికమతం వెళ్లాం, పాయకరావుపేట వెళ్లాం, కొండ కింద ఊళ్లన్నీ తిరిగాం. మాకో నియమం ఉండేది. కాయ మొదటి దెబ్బకు పగలకపోతే ఆగకూడదు. ఆగితే అమ్మ నెగ్గినట్టు. కాబట్టి పగిలేదాకా కొట్టాలి. కొన్ని కాయలు మొండివి. కళ్ల ముందు నల్లగా కమ్మేది, నాలుక మొద్దుబారేది. నేను నవ్వు ముఖం పెట్టుకుని మైకు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఇంటికొచ్చాక వాంతి చేసుకుంటే, బస్సు ప్రయాణం పడలేదని భార్యకు చెప్పేవాణ్ణి.

ఇప్పుడు నన్ను మీరు అడగవచ్చు: సైన్సు మాస్టారివి కదా, ఆలోచించలేదా? ఆలోచించాను. పుర్రె గట్టిదని ఆలోచించాను. రక్తం రాలేదు, ఎముక విరగలేదు, నా వాదం రుజువైంది. లోపల ఉన్నదాని గురించి అడగలేదు. ఊళ్లో ప్రతి నమ్మకాన్నీ నిలదీసినవాణ్ణి, నా నెత్తి మీద నాకున్న నమ్మకాన్ని ఒక్కసారీ నిలదీయలేదు. గుడ్డితనానికి గుడి అక్కర్లేదు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు వాసన పోయింది. పాలు మాడి వంటిల్లంతా పొగ కమ్మితే, పక్క గదిలో పేపరు చదువుకుంటూ కూర్చున్నానట. తర్వాత చెవుల్లో హోరు మొదలైంది. ఆగని హోరు. రైసుమిల్లు పక్కనే కాపురమున్నట్టు ఉండేది. ఒకరోజు తరగతిలో బోర్డు మీద సగం వాక్యం రాసి, మిగతా సగం ఏమిటో తెలియక నిలబడిపోయాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. చేతిలోని డస్టరు విసిరాను. ఒక పిల్ల చెవి పక్కనుంచి వెళ్లి గోడకు తగిలింది. అంతకు ముందు పాతికేళ్లలో నేను పిల్లల మీద చెయ్యెత్తి ఎరగను.

ఆ పైన ఎండ చూడలేకపోయాను. కిటికీకి దుప్పటి కట్టుకున్నాను. ఒక మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి వస్తూ, రోజూ తిరిగే మలుపు దగ్గర ఏ వైపు వెళ్లాలో తెలియక ఆగిపోయాను. తెలిసిన రిక్షావాడు తీసుకొచ్చి దించాడు.

"మాస్టారు కొద్దిగా ఏసుకున్నారేటమ్మా?" అని నా భార్యను అడిగాడు.

జీవితంలో సారా చుక్క ముట్టనివాణ్ణి నేను. ఆమె నా ముఖం చూసింది. నేను తల దించుకున్నాను. "అవును బాబూ, ఎవరికీ చెప్పకు" అంది. అతను పదిమందికి చెబుతాడని ఆమెకు తెలుసు. చెప్పాలనే అంది. తాగుబోతన్న పేరుతో ఊళ్లో బతకవచ్చు. నిజం బయటపడితే మాత్రం ఊరంతా ఒకే మాట అంటుంది: అమ్మ కొట్టినాది. పదేళ్ల నా ప్రచారం ఆ రెండు మాటల కింద పడి చస్తుంది.

విశాఖపట్నంలో ఒక డాక్టరు నా కళ్లలో టార్చి వేసి చూసి, చేతులు చాపమని, గీత మీద నడవమని, చివరికి అడిగాడు: "తలకు దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదండీ" అన్నాను.

నా భార్య నోరు తెరిచింది. ఆమె కాలు నా కాలితో తొక్కాను. తలుపు దగ్గర నిలబడ్డ కాంపౌండరుది మా నర్సీపట్నమే. రుజువు, సాక్ష్యం, నిజం అని గొంతు చించుకున్న నేను, నిజం తప్ప ఇంకేమీ అక్కర్లేని చోట అబద్ధమాడి, తలనొప్పి బిళ్లలు పట్టుకుని బస్సెక్కాను. బస్సులో ఆమె ఒక్క మాటే అంది: "ఆ గణాచారైనా డాక్టరుతో అబద్ధమాడడండీ."

నేను బయటికి వెళ్లడం మానేశాక, నా బల్ల ఎక్కినవాడు తాలూకా ఆఫీసు గుమాస్తా. ముప్ఫై ఏళ్లవాడు, ఒత్తయిన జుట్టు, నాకంటే మంచి గొంతు. కాయ పట్టడం, గీత చూడడం, పగిలేదాకా ఆగకపోవడం అతనికి నేనే నేర్పాను. ప్రతి ఆదివారం వచ్చి చెప్పేవాడు: "మాస్టారూ, మొన్న అయిదు కాయలు! ఒక్కటి మాత్రం మొండికేసింది, వదల్లేదు సూడండి!"

"జాగ్రత్త" అనేవాణ్ణి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేకపోయాను. చెబితే ఎందుకని అడుగుతాడు. నేను నా అబద్ధంలో కూర్చుని, అతని తలకు తగిలే దెబ్బలను ఆదివారం తర్వాత ఆదివారం లెక్కగట్టుకుంటూ చూశాను.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ఆ గణాచారి మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. పదేళ్లు ఊరూరా నేను తిట్టిన మనిషి. చిక్కిపోయాడు. కాఫీ గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

"మాస్టారుబావూ, ఒక సంగతి అడగాల. మీకూ సెవుల్లో హోరుమంటందేటి?"

"ఆఁ, పగలూ రాత్రీ" అని లోపలినుంచి నా భార్య జవాబిచ్చింది.

"దారి మర్సిపోతన్నారేటి?"

"మరిచిపోతున్నారు."

అతను కాఫీ కింద పెట్టాడు. "మావోళ్లు నాకది అమ్మ పలకడవఁని సెప్తన్నారు. సరే అనుకున్నాను. మీకు అమ్మ నేదు గదా బావూ. మరి మీకెవులు పలుకుతన్నారు?"

నా జన్మలో నేను విన్న వాదాల్లో అంత సూటి వాదం ఇంకొకటి లేదు. ఒక తలలో దేవత ఉంది, ఒక తలలో లేదు. రెండు తలల్లోనూ ఒకే హోరు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది కొబ్బరికాయ. బోర్డు మీద రాసి పిల్లలకు చెప్పదగిన ప్రయోగం. దాన్ని నా కళ్ల ముందు పెట్టినవాడు బడి ముఖం చూడని గణాచారి.

"కాయే" అన్నాను. డాక్టరుకు చెప్పనిది అతనికి చెప్పాను.

"అయితే మానీయొచ్చన్నమాట" అన్నాడు. కాఫీ గ్లాసు మళ్లీ అందుకుని, "నన్ను మాననిస్తారేటి?" అన్నాడు.

ఆ వారమే సంత మైదానంలో సంఘం సభ. నేనూ వస్తానని కబురు పెట్టాను. చెప్పవలసింది నా భార్య పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసిచ్చింది. ఎండకు కళ్లు చికిలించుకుంటూ, ఆమె భుజం పట్టుకుని బల్లెక్కి చదివాను: "కాయలో మహిమ లేదు. నా నెత్తిలోనూ లేదు. పదేళ్లు దెబ్బలు తగిలాయి. నా తల పాడైంది. ఎవరి పేరు చెప్పి కొట్టుకున్నా పాడవుతుంది. ఇది ఆపండి."

తర్వాత వెనకనుంచి ఎవడో అన్నాడు: "అమ్మ కొట్టినాదని సెప్పడానికి ఇంత డొంకతిరుగుడేటి మాస్టారూ!"

మైదానం గొల్లుమంది. నేను జవాబు చెప్పాలి. జవాబు నాకు తెలుసు. కానీ అది కాగితం మీద లేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. హోరు తప్ప ఇంకేమీ లేదు.

గుమాస్తా ముఖం ఎర్రబడింది. సంఘం పరువు పోతోందని అతని బాధ. "మాస్టారికి ఒంట్లో బాగులేదు. ఇదిగో, నేను కొడతాను చూడండి, నాకేమవుతుందో!" అని కాయ అందుకున్నాడు. మొదటి దెబ్బ. పగల్లేదు. జనం మళ్లీ నవ్వారు. తర్వాత ఏం చేస్తాడో నాకు తెలుసు. నేర్పింది నేనే. అతని చెయ్యి పైకి లేచింది. నేను ముందుకు తూలి నా అరచెయ్యి అతని నెత్తిన పెట్టాను.

కాయ పగల్లేదు. నా వేళ్లు రెండు విరిగాయి.

ఆ వేళ్లు తిన్నగా అతకలేదు. అందుకే ఈ రాత ఆమెది. ఊళ్లో మాట కూడా పెరిగింది: మాస్టారికి అమ్మ తలా సెయ్యీ రెండూ తీసేసినాదట. గణాచారి అప్పుడప్పుడూ వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. ఆ ఏడు కాయ కొట్టనన్నాడట. వానలు పడకపోతే నీదే పూచీ అన్నారట పెద్దలు. కొట్టాడు. నేను చీకటి గదిలోంచి, అతను అరుగు మీద నుంచి, పెద్దగా మాటలేం లేకుండా ఒకే హోరు వింటూ ఉంటాం.

గుమాస్తా సంఘం వదిలేశాడు. నాతో మాట్లాడడు. ఎక్కడైనా కాయ పట్టుకుంటే "మాస్టారి సెయ్యి తెచ్చుకున్నావేటి?" అని జనం ఏడిపిస్తారని, ఆ సిగ్గుతో కొట్టడం మానేశాడని విన్నాను. అది సరైన కారణం కాదు. సరైన కారణంతోనే మనిషి మారాలని నేను పట్టుబట్టిన రోజులు పోయాయి.

ఆఫీసు వేళకు అతను మా వీధిలోంచే సైకిలు మీద వెళతాడు. కిటికీ దుప్పటి అంచు కొద్దిగా తొలగించి చూస్తాను. వెలుతురు కళ్లలో సూదిలా దిగుతుంది. అతను మా ఇంటివైపు తిరగడు. మలుపు దగ్గర తడబడకుండా, గంట కొట్టి, సరిగ్గా తిప్పుకుని వెళ్లిపోతాడు. ఆ మలుపు దాటేదాకా చూసి, దుప్పటి మళ్లీ దించుకుంటాను.