చినబాబుగారి కుట్టుమిషను

ఫోను మోగితే ఆ ఇంటివాళ్ళే కాదు, వీధిలో సగం మంది లేచి నిలబడే రోజులు చూసినవాణ్ణి నేను. దివిసీమలో మా ఊరికి మొదటి ఫోను మా తాతగారే వేయించారు. తరవాత భూములు పోయాయి (తాతగారు మిగిల్చినవాటిలో మా నాన్నగారు రొయ్యల చెరువులు తవ్వించి, తెల్లమచ్చ తెగులుకు సమర్పించుకున్నారు), పాలేళ్ళు పోయారు, పెంకుల కింద గిన్నెలు పెట్టుకునే స్థితి వచ్చింది. మిగిలినవి రెండే. ఒకటి ఆ ఫోను. రెండోది, సావిడి తలుపు మూయకపోవడం. ఉప్పెన నాడు ఊళ్ళో బతికినవాళ్ళంతా మా సావిట్లోనే తలదాచుకున్నారు. ఇంట్లో మనిషి మేలుకుని ఉన్నంతసేపు ఆ తలుపు మూయకూడదని అప్పటినుంచీ తాతగారి ఆజ్ఞ. అంత పెద్ద వంశం గొప్పతనమూ కుంచించుకుపోయి, చివరికి రెండు తలుపు రెక్కల మధ్య నిలబడింది.

నేను బందరులో డిగ్రీ పూర్తిచేసి, గుడివాడలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుని వచ్చాను. ఎక్కడో అమెరికాలో డాక్టరు తన రోగి గురించి గొణిగి పెట్టిన మాటల్ని మనం ఇక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, టైపు చెయ్యాలన్నమాట. సరిగ్గా అప్పుడే మా ఎక్స్ఛేంజికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. హైదరాబాదు కంపెనీ ఒకటి, ఇంటినుంచే చెయ్యండి, కొన్నాళ్ళు చూసి ఖాయం చేస్తామంది. ఖాయమైతే నేను ఊరు వదలక్కర్లేదు. ఏ నగరంలోనో ఇరుకు వాటాలో అద్దెకుండి, మాది ఫలానా వంశమని పక్కింటివాళ్ళకు చెప్పుకుని నవ్వులపాలు కానక్కర్లేదు. అందుకని ఆ ఉద్యోగం నాకు ప్రాణమైంది.

నాన్నగారు పడకకుర్చీలోంచి లేవకుండానే షరతు పెట్టారు. "చేస్తే చెయ్యి. చినబాబు ఒకడి దగ్గర జీతానికున్నాడన్న మాట మాత్రం ఊళ్ళో వినపడకూడదు."

ఎలా వినపడకుండా ఉంటుంది? ఫోను తీగ సావిడి దాకానే ఉంది. కంప్యూటరు అక్కడే పెట్టాలి. తలుపు మూయకూడదు. పరువు కాపాడటానికి అడ్డంగా ఒక పాత పరదా కట్టాం. పరదా కిందనుంచి నా కాళ్ళు కనిపించేవి. డాక్టరుగారి మాట ఆపడానికీ వెనక్కి తిప్పడానికీ కాలి కింద ఒక పెడలు ఉండేది. రోజంతా దాన్ని తొక్కుతూ ఉండేవాణ్ణి.

పాలకాయతిప్పనుంచి చేపలు తెచ్చే అత్త ఒకతె మా అరుగు మీద గంప దించి, పరదా ఎత్తి చూసింది. ఆ గంప ఎన్ని గుమ్మాలు తిరుగుతుందో, ఆ వార్తా అన్ని గుమ్మాలకూ చేరింది. "చినబాబుగారు మిషను కుడతన్నారమ్మా! కాలాడిస్తానే ఉన్నారు. సప్పుడు పడక సెవులకి డిప్పలు కూడా పెట్టుకున్నారు!"

మర్నాడే టైలర్ భాయ్ వచ్చాడు. ఊరికంతటికీ ఆయనొక్కడే దర్జీ. చేతులు కట్టుకుని, "పెదబాబుగారూ, చినబాబుగారు కూడా మిషను పెడితే మా గతేంటండీ?" అన్నాడు. నాన్నగారికి పెద్ద చిక్కే వచ్చిపడింది. ఉద్యోగమంటే పరువు పోతుంది. కుట్టుపనంటే, కనీసం ఒకడి కింద పని కాదు. గొంతు సవరించుకుని, "సరదాకిలేవోయ్. కొత్తరకం మిషను" అన్నారు.

ఇంకేముంది, ఆది జాకెట్లు చంకన పెట్టుకుని ఆడవాళ్ళు బయల్దేరారు. వెనక్కి పంపుదామంటే, మా గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి లేదనే అలవాటు లేదు. ముందు గుమ్మంలో పుచ్చుకున్న బట్టలన్నీ దొడ్డిదారిన భాయ్‌కే పంపేవాళ్ళం. ఆయనే కుట్టి, దొడ్డిదారినే తిరిగి పంపేవాడు. "నిన్నటిదాకా నా కుట్టుకి వంకలు పెట్టినవాళ్ళేనండీ" అని నవ్వేవాడు. "ఇప్పుడు అదే కుట్టు చూసి, దొరగారింటి పనితనం అంటున్నారు." మా వంశానికి ఆ తరంలో దక్కిన ప్రశంస అదొక్కటే. అదీ మాది కాదు.

ఉద్యోగం ఖాయం చేసేముందు చూసి వెళ్ళడానికి కంపెనీనుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. సావిట్లో నలుగురు ఆడవాళ్ళున్నారు. దొడ్డిదారిన జాకెట్లు తెచ్చిన భాయ్ కూడా అక్కడే నిలబడ్డాడు. చేపల అత్త టై చూసి, "బాబూ, ప్యాంటు కొలతలకా? నా జాకెట్టు ముందు. వరసలో కూర్చో" అంది. ఆయన నిజంగానే కూర్చున్నాడు, పాపం. నేను పరదా తప్పించుకుని బయటికొచ్చాక లేచి, లైను చూశాడు, స్పీడు చూశాడు, కుర్చీ చూశాడు. "అన్నీ బావున్నాయండీ. ఒక్కటే. రోగుల వివరాలు బయటివాళ్ళు చూడకూడదు. మీ అబ్బాయి మా ఉద్యోగం చెయ్యాలంటే పని వేళల్లో ఈ తలుపు మూసి ఉండాలి" అన్నాడు నాన్నగారితో.

ఉద్యోగమన్న మాట అందరిముందూ పడింది. నాన్నగారు మాత్రం ఆ మాట విన్నట్టే లేరు, తలుపు వైపు చూస్తున్నారు. ఆయన నోరు విప్పేలోగా భాయ్ అందుకున్నాడు. "ఈ తలుపు వెయ్యరండీ. ఉప్పెన నాడు నేనూ మా ఆవిడా ఇందులోంచి లోపలికొచ్చాం గనకే ఇవాళ ఉన్నాం." అందరూ తలలూపారు. నాన్నగారు నా వైపు తిరిగారు, నువ్వే చెప్పు అన్నట్టు. 'మూస్తామండీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని అన్నీ పోయినా వంగని వెన్నెముక ఒకటి నాకు వారసత్వంగా వచ్చింది కదా! నిటారుగా నిలబడి, "మా ఇంట్లో కుదరదండీ" అన్నాను. వెన్నెముకకి జీతమిచ్చే కంపెనీ నాకింతవరకూ తగల్లేదు.

బస్సు దగ్గర ఆయన అడిగాడు. "ఊళ్ళో ఇంగ్లీషు బాగా వచ్చి, తలుపు మూసుకోగలిగినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారాండీ?" భాయ్ కూతురు బందరులో చదివిన పిల్ల. ఆ పేరే చెప్పాను. వాళ్ళది ఒకటే గది, ఒకటే తలుపు. కాని అది మూతపడుతుంది.

ఏళ్ళు గడిచాయి. నాన్నగారు పోయారు. ఆ తలుపు రెక్కలు చెదపట్టి వాలిపోయి, ఇప్పుడు మూద్దామన్నా మూతపడవు. భాయ్ ఇంటిమీద మేడ లేచింది. కింద ఆయన కుట్టుమిషన్లు, పైన కూతురి కంప్యూటర్లు. హైదరాబాదు వెళ్ళాల్సిన మా ఊరి పిల్లలు అక్కడే కూర్చుని పనిచేసుకుని, అన్నానికి ఇంటికెళ్తారు. వాళ్ళు టైపు చేసినవాటిలో తప్పులు దిద్దడానికి నేనూ రోజూ వెళ్తాను. భాయ్ కూతురు నన్ను కూర్చోమన్నాకే తను కూర్చుంటుంది. ఆ మర్యాదే నాకు ఎక్కువ గుచ్చుకుంటుంది.

మొన్న మెట్లెక్కుతుంటే, ముసలిదైపోయిన చేపల అత్త గంప దించి బుగ్గలు నొక్కుకుంది. "అయ్యో బాబూ, ఆకరికి భాయ్ దగ్గరే కుట్టుపనికి కుదిరారా!"

"సరదాకిలే అత్తా. కొత్తరకం మిషను" అన్నాను.

ఆ మాట నా నోట అచ్చం నాన్నగారి గొంతుతోనే వచ్చింది. నిటారుగా నిలబడి కుదరదన్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే పైకెళ్ళి, తలుపు మూసుకుని, పనిలో కూర్చున్నాను.