ప్రింట్ అడిగితే పాఠం

పోయిన సోమవారం పొద్దున పదింబావుకు, నరసరావుపేట కోర్టు ఎదుటి జిరాక్స్ షాపులో, ఇరవయ్యేళ్ల అనుభవమున్న వకీలు వెంకటకృష్ణగారు చేతులు కట్టుకుని నిలబడి ఐపీ అడ్రస్ అంటే ఏమిటో అప్పజెబుతున్నారు. "ప్రింటర్‌కి డోర్ నంబరు లాంటిదయ్యా. అది లేకపోతే కంప్యూటర్ పంపిన కాగితం ఎవరింటికి పోవాలో తెలవదు. చాలా?"

చాలదు. షాపు యజమాని జహంగీర్‌కి ఉన్న పిచ్చి అదొక్కటే. ప్రింట్ అడిగితే పాఠం చెబుతాడు. తిరిగి అప్పజెబితేగాని కాగితం ఇవ్వడు.

ఆ షాపు మూలనున్న బల్ల దగ్గర కూర్చుని వార్తలు పంపుతాను కాబట్టి పదేళ్లుగా అన్ని పాఠాలూ వింటున్నాను. గడప తొక్కగానే అందరినీ ఒకటే అడుగుతాడు. "ఏ ఊరు? మళ్లీ బస్సెప్పుడు?" అదీ అతని వాగుడులో భాగమే అనుకునేవాణ్ణి.

ఒకరోజు కాలేజీ లెక్చరర్ జ్యోతిర్మయి తమ ఇంట్లో ప్రింటర్ పనిచేయడం లేదని రెండు పేజీలు తీయించుకోడానికి వచ్చింది.

"మీ ప్రింటర్‌కి డ్రైవర్ ఉందా మేడం?"

"ప్రింటర్‌కి డ్రైవరేంది?"

"కంప్యూటర్ భాష ప్రింటర్‌కి రాదు. మధ్యన ఇద్దరి మాటా తెలిసిన ప్రోగ్రామ్ ఒకటుండాల. దాన్నే డ్రైవరంటారు. అది ఎక్కించకపోతే ప్రింటర్ మూగనోము పడుద్ది. ఏదీ, మీరు చెప్పండి."

పిల్లల్ని అడిగే మనిషి ఆ రోజు తనే బెంచీ ఎక్కినట్టయింది.

ఒకరోజు వార్త పంపడానికి అతని కంప్యూటర్ అడిగితే నాకు రూటర్ పాఠం పడింది. "బస్టాండులో ఎంక్వైరీ కౌంటరనుకో అన్నా. మాచర్ల పోయేదాన్ని మాచర్ల బస్సుకి, గురజాల పోయేదాన్ని గురజాల బస్సుకి ఎక్కిచ్చుద్ది. అది కునుకు తీసిందంటే నీ వార్త ప్లాట్‌ఫారం మీదే కూచుంటది." ఆ రోజు వార్త ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. ఎడిటర్ నన్నడిగింది మాత్రం రూటర్ గురించి కాదు.

పక్కన కాగితాలు కుట్టే అతని భార్య ఖైరున్నీసా నవ్వేది. "పెళ్లిచూపులకొచ్చి మా నాన్నకి ఫ్లాపీ గురించి చెప్పాడు ఈ మనిషి. అర్థమైందని మా నాన్న తలూపాడు. సంబంధం ఒప్పుకున్నాడనుకున్నారు!"

ఆ సోమవారం సంగతికొస్తే, వకీలుగారి ఎనభై పేజీలు మెల్లగా వస్తుండగా ఒకావిడ రొప్పుతూ వచ్చింది. పేరు శాంతమ్మ.

"ఏ ఊరమ్మా?"

"అచ్చంపేట అయ్యా. మా చేలోకి పోయే దోవకి కంచేశారు, ఆ కేసు. పదిన్నరకి పిలుస్తారంట. ఇయ్యాళ కాగితాలు ఇయ్యకపోతే కొట్టేస్తారంది మా వకీలమ్మ. ఫోన్లో పంపింది, పన్నెండు పేజీలు."

జహంగీర్ ఫోన్ అందుకున్నాడు. నిమిషంలో ప్రింటర్ ఆగింది.

"ఏందయ్యా, ఆగింది?" అన్నారు వకీలుగారు.

"క్యూ సార్. ప్రింట్ క్యూ అంటే తెలుసా?"

"మధ్యాహ్నం నాకు వాదనుందయ్యా!"

"మధ్యాహ్నమే గదా, చానా టైముంది. డాక్టరు దగ్గర టోకెన్లు ఇస్తారు చూడండి, అట్టాగే. ముందొచ్చిన ఫైలు ముందు పోద్ది. మధ్యలో ఊపిరాడనోడు వస్తే కాంపౌండరు ఏం చేస్తాడు?"

"ముందు వాణ్ణి లోపలికి పంపుతాడు."

"అదీ! ఏదీ, మొదట్నుంచీ ఒకసారి చెప్పండి."

వకీలుగారు మొదలుపెట్టారు. ప్రింటర్ మళ్లీ కదిలింది. నా బల్ల మీంచి జహంగీర్ కంప్యూటర్ తెర కనబడుతోంది. వెంకటకృష్ణగారి ఫైలు పక్కన 'పాజ్' అని ఉంది. బయటికొస్తున్నవి శాంతమ్మ కాగితాలు. ఆమెను మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు.

"పో అక్కా, పదీ ఇరవయ్యారు!" అంది ఖైరున్నీసా, కుట్టిన కాగితాలు చేతిలో పెడుతూ. శాంతమ్మ కొంగు బిగించి రోడ్డు దాటింది. కేసు కొట్టెయ్యలేదు.

నేను రూటర్ నేర్చుకున్న రోజున నా వెనక గురజాల బస్సు కోసం తొందరపడుతున్న ముసలాయన ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చింది.

గురువారం వెంకటకృష్ణగారు నలభై పేజీల పనితో మళ్లీ వచ్చారు. వెనక్కి తిరిగి చూశారు. చంకలో గుడ్డసంచితో ఒక పెద్దాయన గోడ గడియారం వంక చూస్తున్నాడు. వకీలుగారు కోటు విప్పి కుర్చీకి తగిలించి, తీరిగ్గా కూర్చున్నారు.

"జహంగీర్, ఆ రూటర్ సంగతి మళ్లీ చెప్పవయ్యా. సరిగ్గా బుర్రకెక్కలేదు."

రూటర్ గురించి ఆయన చెప్పించుకోవడం అది ఆరోసారి.