దూది అనుకున్న పురుగు

మొన్న హోట్గి రోడ్డులోని ఒక నర్సరీలో పురుగులను తినే మొక్క కనిపిస్తే, ఊరుకోలేక ఆకును వేలితో తాకాను. బంక అంటుకుని సన్నని పోగులా సాగింది. ఇంటికొచ్చి రెండుసార్లు కడుక్కున్నా ఆ జిగురు పోలేదు. ఆ సాయంత్రమంతా శంకరయ్య మామే గుర్తొచ్చాడు.

మామ మాకు చుట్టం కాదు, దాజీ పేట్‌లో పక్కింటాయన. తొంభైల మొదట్లో ఆయన చద్దర్లు తనిఖీ చేసే కార్ఖానాలోనే నేను తువ్వాళ్ల అంచులు కుట్టేదాన్ని. పోగు తెగినా, ముడి పడినా బట్ట ఆయన బల్ల దాటేది కాదు. పూనాలో మొక్కల చదువు చదివే ఆయన కూతురు పద్మ, సెలవులకు వచ్చినప్పుడు అలాంటి మొక్కనే ఒకటి తెచ్చి వాళ్లింటి కిటికీలో పెట్టి, దీపావళికి వచ్చి తీసుకుపోతానంది. చదువుకు అది కావాలట. వాననీళ్లే పొయ్యాలి, పురుగు పట్టకుండా కాయాలి. "నీయి పడుసు కండ్లు, నువ్వు సూడు" అని మామ ఆ పని నాకు అంటగట్టాడు.

మొదటి వారమే ఆకులకు అతుక్కున్న చిన్న నల్ల దోమలను చూసి హడలిపోయాను. సూదితో ఒక్కొక్కటే పీకేసి, గొప్పగా వెళ్లి చెప్పాను. ఆయన పడీపడీ నవ్వాడు.

"అరే, దాని నోట్ల బువ్వ గుంజుకున్నవు గదనే! ఇంగ అదేం తినాలె?"

"పురుగు కనబడితె తియ్యమన్నవు గద మామా!"

"అతుక్కున్నది బువ్వ. అతుక్కోకుంట ఆకు రసం తాగేదే దొంగది. నీట్ బఘ్, మంచిగ సూడు" అని మా ఊరి మరాఠీ కలిపి అంటూ, పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం నా చేతిలో పెట్టాడు.

నాకు ఉడుకుమోత్తనం ఎక్కువ. రోషంతో నాలుగు రోజులు అద్దం పెట్టి చూశాను. తర్వాత కార్ఖానాలో పని పెరిగింది, అద్దం మూలన పడింది. ఒకరోజు ఆకుల మొదట్లో తెల్లగా కనిపించింది. మా పేటలో తెల్లగా ఉన్నదల్లా దూదే. మరమగ్గాల నుంచి లేచిన నూలు దుమ్ము జుట్టులో, అన్నంలో, దేవుడి పటాల మీద కూడా ఉండేది. చూడకుండా దులిపేయడం మాకందరికీ అలవాటు. ఊదితే పోలేదు. బంకకు అతుక్కుందిలే అనుకుని, "దూది పడ్డది మామా" అన్నాను. ఆయన వంగి చూసి, "ఔ, దూదే" అన్నాడు.

పద్మ వచ్చేసరికి సగం ఆకులు ముడుచుకుపోయాయి. భూతద్దం పెట్టి చూసి ఆమె ముఖం మాడ్చుకుంది.

"ఇది దూది కాదు బాపూ, పిండినల్లి. కాళ్లున్నయి సూడు. బల్ల మీద ఒక్క పోగు తప్పు పోనియ్యవు, ఇంత పురుగు కనబడలేదా?"

మామ తల వంచుకున్నాడు. నేను చూడలేకపోయాను.

"నేనే దూదన్న అక్కా. అద్దం పెట్టి సూడలే" అని ఏడ్చేశాను.

పురుగులు చస్తాయన్న ఆశతో పద్మ కుండీని ఆకులతో సహా నీళ్ల బకెట్లో ముంచి లోపలికి వెళ్లింది. అప్పుడు మామ గొంతు తగ్గించాడు.

"నువ్వు సూడలే. నేను సూసిన పిల్లా, నాకు ఆనలే. బల్ల మీద గూడ ఆనుతలేదు. సేటుకు తెలిస్తె రేపే ఇంటికి పొమ్మంటడు."

ఆయన బతుకంతా ఆ కళ్ల మీదే నడిచేది. ఆపరేషన్‌తో బాగయ్యే జబ్బు కాదని డాక్టరు ముందే చెప్పాడట. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను. ఆయన మాత్రం, "నువ్వు ఒప్పుకున్నంక నేనెట్ల దాసుకుంట?" అన్నాడు. మర్నాడు తనే వెళ్లి సేటుకు చెప్పేశాడు. వారం తిరక్కుండా పని పోయింది. పోతూ పోతూ, ఆ బల్ల దగ్గర నన్ను కూర్చోబెట్టమని అడిగి మరీ వెళ్లాడు. రెండు ఆకులతో బతికిన మొక్కను పద్మ పూనాకు తీసుకుపోయింది.

ఇరవై ఏళ్లు ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. నా చేతి మీదుగా తప్పు బట్ట పోలేదని అబద్ధమాడను. పోయిన ప్రతిసారీ, ఎవరూ అడగకముందే నేనే వెళ్లి, "నేను సూడలే" అని చెప్పాను. భయం లేక కాదు. ఆ రోజు మామ గోడను తడుముకుంటూ, ఒక్కొక్క మెట్టే ఎక్కి సేటు గదికి వెళ్లడం నేను కింద నిలబడి చూశాను.